జాబితా రాసే చెయ్యి

టైడాలో లారీ ఆపడం తేలిక. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే రోడ్డు వారనే ఊరు. కొత్తవలస–కిరండూల్ లైను మీద స్టేషనుంది, పర్యాటక శాఖ వాళ్ళ జంగిల్ బెల్స్ విడిది ఉంది, బండి తిప్పుకోవడానికి చోటుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలి. కొండల్లో చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. అలాంటి తుపాను తర్వాత దారి తెరుచుకున్నకొద్దీ బియ్యం, దుప్పట్లు, పాత బట్టలు వేసుకుని మైదానం నుంచి బళ్ళు వస్తాయి. వాటికి మొదట కనబడేవి టైడా లాంటి ఊళ్ళే. పంపినవాళ్ళ మనసులో లోటేమీ ఉండదు. చీకటి పడకముందే ఘాట్ దిగాలని డ్రైవరు తొందర. దాంతో రోడ్డు మీది ఊరికి రెండో దుప్పటి, మూడో దుప్పటి కూడా అందుతుంది. అదే అనంతగిరి మండలంలో రొంపల్లి, పినకోట పంచాయతీల శివారు గూడేలకి, జబ్బు చేసినవాళ్ళని నేటికీ డోలీ కట్టి మోసుకొచ్చే చోట్లకి, మొదటిది కూడా అందదు.

సహాయ సమన్వయం అని పెద్ద పేరు పెట్టుకున్న ఈ పనిలో నా చేతిలో ఎక్కువసేపు ఉండేది ఒక కాగితం. ఊరు, కుటుంబాలు, ఏం చేరింది, ఏం చేరలేదు. ఆ చివరి గడి నింపడమే అసలు పని. చేరిందని చెప్పేవాళ్ళు కావలసినంత మంది, ఫొటోలతో సహా. చేరలేదని చెప్పాల్సిన మనిషి ఆ పూట మన ఎదురుగా ఉండడు, పొంగిన గెడ్డ అవతల ఉంటాడు.

ఆ మనిషి సంగతి ఎవరికి తెలుస్తుంది? కలెక్టరేట్ సమావేశంలో తెలియదు. జీసీసీ డిపోలో బియ్యం కొలిచే మనిషికి కొంత తెలుస్తుంది. జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ, 1956 నుంచీ ఈ కొండల్లో ఉంది. ఏ గూడెం వాళ్ళు ఎప్పుడు దిగి వస్తారో, ఎవరి కార్డు ఎవరి దగ్గర తాకట్టులో ఉందో డిపో మనిషికి తెలిసినంతగా ఏ కంప్యూటరుకీ తెలియదు. ఆశా కార్యకర్తకి ఇంకొంత తెలుస్తుంది: నెలలు నిండినవాళ్ళు ఎవరు, మంచం దిగలేనివాళ్ళు ఎవరు. అందరికన్నా ఎక్కువ తెలిసేది సంతకి. తుపాను తర్వాత మొదటి సంత రోజున చింతపండు, అడ్డాకులు అమ్ముకునే ఆడవాళ్ళ మధ్య ఒక గంట కూర్చుంటే చాలు. ఓ పెద్దావిడ నాతో అన్న మాట ఇప్పటికీ నాకు పని నేర్పుతుంది. “పైనోళ్ళు సంతకి దిగనేదు బాబూ.” సంతకి రాని గూడెం అంటే దారి తెగిన గూడెం. ఆ గూడెం పేరు నా కాగితంలో మొదటి వరసలోకి రావాలి.

అక్కడికి ఏం పంపాలన్నది తర్వాతి మాట. నన్నడిగితే మొదటి సాయం రంపాలు, గొడ్డళ్ళు, నాలుగు రోజుల కూలి డబ్బు. పడిన చెట్టు తీస్తేనే తక్కినవి కదులుతాయి. ఆ తర్వాత టార్పాలిన్, ఉప్పు, అగ్గిపెట్టెలు, కడుపులో వేసుకోవడానికి చోళ్ళో బియ్యమో. పాత బట్టల మూటలు వద్దని దండం పెట్టి చెబుతాను. వాటిని విప్పి, ఏరి, పంచడానికి పట్టే మనుషులతో ఓ కాలిబాట బాగవుతుంది. సహాయ శిబిరాలకి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో కనీస ప్రమాణాలు పెట్టింది: మనిషికి మూడున్నర చదరపు మీటర్ల నీడ, రోజుకి కనీసం మూడు లీటర్ల తాగునీరు. అవసరమైన లెక్కలే. అయితే అవి శిబిరం దాకా రాగలిగినవాళ్ళ లెక్కలు. కొండ మీద మనిషి మేకల్నీ చేనునీ వదిలి శిబిరానికి దిగడు. ఆ కొండ మీద తాగునీరంటే మట్టితో పూడిపోయిన ఊట. దాన్ని తిరిగి తవ్వి, చుట్టూ రాళ్ళు పేర్చి ఇస్తే సీసాల నీళ్ళు మోయక్కర్లేదు.

ఇళ్ళూ పశువులూ లెక్కపెట్టి జాబితా ముగించే అలవాటు మనకుంది. దానికి ఎక్కని నష్టమూ ఉంది. హుద్‌హుద్ కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లని పడగొట్టింది. మిరియాల తీగ అల్లుకునేది కూడా వాటి మీదే. కొత్తగా నాటిన కాఫీ మొక్క కాపుకి రావడానికే మూడు నాలుగేళ్ళు, పైనున్న చెట్టు గొడుగు పట్టడానికి అంతకంటే ఎక్కువ. సహాయం మూడు వారాల్లో సర్దుకుని వెళ్ళిపోతుంది. కూలికి కొండ దిగిపోయే కుర్రాడు రెండో ఏడాదిలో కనిపిస్తాడు. అతణ్ణి తుపాను నిర్వాసితుడని ఏ కాగితమూ అనదు. నా దృష్టిలో అతను నిర్వాసితుడే.

టైడా మీదుగా పోయే ఈ రైలు మార్గం కథ కూడా వలసతో ముడిపడిందే. జపాన్‌కి బైలడిల్లా ఇనుప ఖనిజం పంపడానికి 1960లలో దీన్ని వేసిన ప్రాజెక్టు పేరు డీబీకే, అంటే దండకారణ్య–బొలంగీర్–కిరిబురు. ఆ దండకారణ్యం పేరుతోనే 1958లో మరో ప్రాజెక్టు మొదలైంది. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకి కొరాపుట్, బస్తర్ అడవుల్లో చోటు చూపించడం దాని పని. ఎవరికి ఏ నేల సరిపడుతుందో, ఆ నేల అప్పటికే ఎవరిదో సరిగా అడగలేదు. 1978లో వేల మంది ఆ స్థావరాలు వదిలి సుందరబన్స్‌లోని మరిచ్‌ఝాపికి వెళ్ళిపోయారు, మరుసటి ఏడు అక్కడి నుంచీ గెంటించుకున్నారు.

ఈ లైను చివర కిరండూల్ ఉన్నది దంతెవాడ జిల్లాలో. 2005 జూన్‌లో ఆ ప్రాంతంలో మావోయిస్టులకి వ్యతిరేకంగా సల్వా జుడుం మొదలైంది. మావోయిస్టులకీ జుడుంకీ బలగాలకీ నడుమ ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క శిబిరాలకి తరలించారు. తక్కినవాళ్ళు పిల్లల్నీ విత్తనాల్నీ ఎత్తుకుని అడవిలో నడిచి సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. మనం గొత్తికోయలు అంటున్నది వాళ్ళనే. 2006 నుంచి సరిహద్దులు లేని వైద్యుల సంస్థ సంచార వైద్యశాలలు నడిపింది. 2007 చివర్లో శాంతా సిన్హా అధ్యక్షతన ఉన్న జాతీయ బాలల హక్కుల కమిషన్ వచ్చి పిల్లల పరిస్థితి చూసింది. సుప్రీంకోర్టు 2011 జూలై 5న జుడుంని తప్పుపట్టి, ఆదివాసీ యువకులకి తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడడం రాజ్యాంగ విరుద్ధమంది.

తుపానులో నేర్చుకున్న పని ఈ వలస గూడేల్లో అలాగే చెల్లదు. టైడా పైన గూడెంలో పేరు రాయకపోతే బియ్యం రావు. చింతూరు వైపు అడవిలో పేరు రాస్తే ప్రాణం మీదికి రావచ్చు. ఎవరి కొడుకు ఎటు వెళ్ళాడో, ఏ ఊరి నుంచి ఎవరు పారిపోయారో తెలుసుకోవాలనుకునేవాళ్ళు రెండు వైపులా ఉంటారు. బియ్యం మూట ఎవరి కోసమని పోలీసులు అడుగుతారు, ఎవరు పంపారని అవతలివాళ్ళు అడుగుతారు. అందుకని అక్కడ నా కాగితంలో పేర్లుండవు. మనుషులెందరు, ఐదేళ్ళలోపు పిల్లలెందరు, గర్భిణులెందరు, అంతవరకే. ఫొటో తీయను, తీయనివ్వను. దాతకి ఆ ఫొటో కావాలంటే ఆ దాత డబ్బు వద్దనుకోవడమే మంచిది.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి ఎక్కింది. 1986 నాటి 75.6 తర్వాత అంతటి వరద అదే. శబరి నది వెనక్కి తన్నడంతో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం ఊళ్ళు మిట్టలకెక్కాయి. ముంపు గ్రామాలకి జాబితా ఉంది. అడవి మిట్ట మీద గుడిసె వేసుకున్న వలస కుటుంబం మునగలేదు కాబట్టి ఆ జాబితాలోకి రాదు. కూలికి వెళ్ళే ఊరే మునిగినప్పుడు ఆ గుడిసెలో పొయ్యి కూడా ఆరిపోతుంది. రేషన్ కార్డు లేదు. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగ, ఇటు దాటితే ఆ ధ్రువపత్రం దొరకదు. అటవీ శాఖ లెక్కలో ఆక్రమణదారు. ఒకే నీళ్ళకి నష్టపోయిన ఇద్దరిలో ఒకరు బాధితులు, ఒకరు ఎవరూ కారు. దీన్ని పాలనలో ఇబ్బంది అని సరిపెట్టుకోలేను, అన్యాయమనే అంటాను.

అటవీ హక్కుల చట్టంలో వీళ్ళకో చిన్న తలుపుంది. అటవీ భూమి నుంచి చట్టవిరుద్ధంగా, పునరావాసం లేకుండా వెళ్ళగొట్టిన ఆదివాసులకి ప్రత్యామ్నాయ భూమితో సహా పునరావాసం ఇవ్వాలని మూడో సెక్షన్ చెబుతుంది. అయితే ఆ వెళ్ళగొట్టడం 2005 డిసెంబర్ 13కి ముందు జరిగి ఉండాలి. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. ఆ ఆరు నెలల్లో కదిలిన కుటుంబం తలుపుకి ఇటు, తర్వాత కదిలినవాళ్ళంతా అటు. తారీఖు అడిగితే వాళ్ళు చెప్పలేరు. అందుకే బియ్యం దించి, నీళ్ళు తాగి, కూర్చున్నాక పంట గురించి అడుగుతాను. ఊరు విడిచిననాటికి వరి కోశారా, చేలోనే వదిలి వచ్చారా? జొన్న కంకి గట్టిపడిందా? ఇప్పపువ్వు ఏరింది ఆ ఊళ్ళోనా, ఈ అడవిలోనా? వాళ్ళు సరేనంటేనే ఆ జవాబు రాస్తాను, వేరే కాగితం మీద, ఆ కుటుంబం దగ్గరే ఉండేలా.