ఏది వోక్సెల్ ఆట?

నాచారములోని ఒక ఉన్నత పాఠశాలలో విజ్ఞాన ప్రదర్శనము జరిగినపుడు, ప్రశ్నోత్తరముల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచిరి. నేను తయారుచేసికొని పోయిన ప్రశ్నలలో ఒకటి ఇది: “మైన్‌క్రాఫ్ట్ వోక్సెల్ ఆటయా, బహుభుజుల ఆటయా?” తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు లేచి, “సార్, మీరడిగేది దాచిపెట్టే పద్ధతా, గీసే పద్ధతా?” అని అడిగెను. ఒక్క మాటలో జవాబు చెప్పుమని గద్దించితిని. అతడు ఊరకుండెను. సున్న వేసితిని. ఇంటికి వచ్చి ఆలోచింపగా, ఆ సున్న అతనికి గాక నా ప్రశ్నకే రావలసినదని తేలినది. ఈ తప్పు నా యొక్కనిదే కాదు. వీడియో ఆటలను గూర్చి మాటలాడువారు పలువురు ఈ రెండు పేర్లను కలగాపులగముగా వాడుచున్నారు. అందుచేత వానిని కొంచెము పరీక్షింతము.

తెరపై బొమ్మ చిన్న చిన్న చుక్కలతో ఏర్పడునని విద్యార్థు లెరుగుదురు. ఆ చుక్కయే పిక్సెల్. అట్లే ఒక ఘనమును పొడవునను, వెడల్పునను, ఎత్తునను సమానముగా విభజించినచో వచ్చు చిన్న గడికి వోక్సెల్ అని పేరు. ప్రతి గడికిని ఒక విలువ యుండును. ఇక్కడ మన్ను, ఇక్కడ రాయి, ఇక్కడ ఏమియు లేదు అని ఆ విలువ తెలుపును. బహుభుజుల పద్ధతి వేరు. అందు వస్తువు పైతలమును మాత్రమే త్రిభుజములుగా విభజించి, వాని శీర్షముల స్థానములను వ్రాసికొందురు. లోపల ఏమున్నదో వ్రాయరు. అట్టపెట్టెను కోసినచో లోపల గాలి యుండును. ఇటుకల దిమ్మను కోసినచో లోపల మరల ఇటుకలే యుండును. భేద మంతే.

దీనిని చూచుటకు ఉప్పల్ విడిచి దూరము పోనక్కరలేదు. మెట్రో రైలులో ఉప్పల్ స్టేషను తరువాత స్టేడియము, దాని తరువాత ఎన్.జి.ఆర్.ఐ. స్టేషన్లు వచ్చును. ఈ కొద్ది దూరములోనే మూడు రకముల లెక్కలకు ఉదాహరణములు కలవు.

మొదటిది క్రికెట్ స్టేడియము. కంప్యూటరులో క్రికెట్ ఆటను కూర్చువారు ఇట్టి స్టేడియమును చూపవలసి వచ్చినపుడు మెట్లను, పైకప్పును, దీపస్తంభములను త్రిభుజముల తొడుగుగా చేసి, దానిపై రంగు లంటింతురు. కాంక్రీటులో ఇనుప కడ్డీ యున్నదో లేదో ఆ ఆటకు తెలియదు. తెలియవలసిన పనియు లేదు. బంతిని ఎంత గట్టిగా కొట్టినను గోడ పగులదు గదా! ఇది పైపొర లెక్క.

రెండవది సర్వే ఆఫ్ ఇండియా. ఆ శాఖవారి శిక్షణ సంస్థ ఉప్పల్‌లో కలదు. ఒకే ఎత్తుగల స్థలములను కలుపుచు గీసిన కాంటూరు రేఖలను విద్యార్థులు భూగోళ పాఠములో చూచియే యుందురు. అట్టి పటములో ప్రతి స్థలమునకు ఒకే ఎత్తు. ఉప్పల్ రోడ్డులో స్తంభములపై మెట్రో పోవుచుండును, దాని క్రింద బస్సులు పోవుచుండును. ఆ చోటి ఎత్తెంత అని అడిగినచో రెండు జవాబులు రావలెను. ఎత్తుల పట్టికలో ఒక్కదానికే చోటున్నది. ఇది ఎత్తుల లెక్క.

మూడవది 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. భూభౌతిక శాస్త్రజ్ఞులు భూకంప తరంగములు వేర్వేరు కేంద్రములను చేరుటకు పట్టిన కాలమును కొలిచి, భూగర్భమును గడులుగా విభజించుకొని, ఒక్కొక్క గడిలో తరంగవేగ మెంతయో గణింతురు. ఆసుపత్రిలోని సి.టి. స్కాను కూడ ఇట్టిదే. ఆ యంత్రముతో మొదటి రోగి తలను పరీక్షించినది 1971లో. దానిని నిర్మించిన హౌన్స్‌ఫీల్డునకు, గణిత మార్గము చూపిన కార్మాకునకు 1979లో నోబెల్ బహుమానము లభించినది. ఇది లోపలి లెక్క. వోక్సెల్ అను మాట ఇట్టివానికే పూర్తిగా చెల్లును.

ఈ మూడు లెక్కలను చేతబట్టుకొని ఇక ఆటలను చూతము.

1992లో అమెరికాలోని నోవాలాజిక్ సంస్థ కొమాంచీ అను హెలికాప్టరు ఆటను విడుదల చేసెను. ఆ కాలమున ఇండ్లలోని కంప్యూటర్లలో త్రిభుజములను వేగముగా గీయు ప్రత్యేక పరికరములు లేవు. అందుచేత ఇతర విమానపు ఆటలలో కొండలు కాగితము మడిచినట్లుండెడివి. కొమాంచీలో అవి నిజమైన కొండలవలె కనబడెను. సంస్థవారు తమ పద్ధతికి “వోక్సెల్ స్పేస్” అని పేరు పెట్టిరి. కాని లోపల నున్నవి రెండే పటములు. ఒకటి ఎత్తులది, మరియొకటి రంగులది. తెరపై ఒక్కొక్క నిలువు వరుసకు, చూచువాని చోటినుండి దూరముగా పోవుచు, ఆయా చోట్ల ఎత్తును చూచి, ముందరి కొండ కప్పివేయని మేరకు రంగు నింపుదురు. ఉపాయము మెచ్చదగినదే. పేరు మాత్రము సరిపోదు.

ఎత్తు తెలిసినచో దాని క్రిందిదంతయు మన్నేయని తెలిసినట్లే గదా, కనుక అదియు వోక్సెల్ వరుసయే యని కొంద రందురు. అది మన ఊహ గాని, పటములో వ్రాసినది కాదు. ఆ కొండలో సొరంగము త్రవ్వి, పైన కొండను అట్లే నిలుపుమనినచో ఆ పటమునకు సాధ్యము కాదు. పొడవు 1000, వెడల్పు 1000 గడులున్న నేలకు 10 లక్షల ఎత్తులు చాలును. 1000 గడుల ఎత్తువరకు నిజమైన ఘనముగా దాచవలెనన్న 100 కోట్ల విలువలు కావలెను. ఆ వంద కోట్లను తప్పించుకొనుటయే ఆ పద్ధతి గొప్పతనము. తప్పించుకొన్నదాని పేరే పెట్టుకొనుట ఉచితము కాదు.

ఇక 2011లో పూర్తి రూపమున వెలువడిన మైన్‌క్రాఫ్ట్. ఇందు ప్రపంచమును 16 గడుల పొడవు, 16 గడుల వెడల్పు గల దిమ్మలుగా దాచుదురు. 2021 నుండి ఎత్తు 384 గడులు. అనగా ఒక్కొక్క దిమ్మలో 98,304 గడులు. క్రిందికి త్రవ్వినచో బొగ్గు దొరకవచ్చును, గుహ రావచ్చును. ఇది నిస్సందేహముగా లోపలి లెక్క. మరి తెరపై గీయునది? త్రిభుజములే. ప్రతి గడికి ఆరు ముఖములు, ముఖమునకు రెండు త్రిభుజములు, మొత్తము 12. రాయితో నిండిన 16 × 16 × 16 ఘనములో 4,096 గడులున్నవి. అన్నిటిని గీసినచో 49,152 త్రిభుజములు కావలెను. కాని రెండు రాళ్లు కలిసినచోట ముఖము ఎవరికిని కనబడదు. వెలుపలి ముఖములు 6 × 256, అనగా 1,536 మాత్రమే. త్రిభుజములు 3,072. పదునారవ వంతు పనితో బొమ్మ సిద్ధమగును. ఆటగాడొక రాయిని తీసివేసినపుడు, క్రొత్తగా బయటపడిన ముఖములను చేర్చి తొడుగును మరల కుట్టుదురు.

త్రిభుజములతో గీసినది గనుక ఇది వోక్సెల్ ఆట కాదనువారు ఒక సంగతి మరచుచున్నారు. స్కాను గడులనుండి త్రిభుజముల తలమును తీయు ప్రసిద్ధ పద్ధతిని లోరెన్సన్, క్లైన్ అనువారు 1987లోనే ప్రకటించిరి. త్రిభుజములతో గీసినంతమాత్రాన స్కాను స్కాను కాకపోదు. చదరముగా కనబడినదెల్ల వోక్సెల్ అనుటయు తప్పే. పండ్రెండు త్రిభుజములతో ఎవరైనను బోలు పెట్టెను చేయవచ్చును. 2022లో పూర్తిగా విడుదలయైన టియర్‌డౌన్‌లో వస్తువులను చిన్న గడులుగా దాచుటయే గాక, గీయునపుడు కూడ కిరణములను ఆ గడులగుండా నడిపించి రంగును తెలిసికొందురు. అందలి గోడను పగులగొట్టినచో ముక్కలగుటకు కారణము, లోపల ఏమున్నదో ఆ ఆటకు తెలియుటయే.

కనుక ఇవి రెండు ప్రశ్నలు. ఎట్లు దాచిరి? ఎట్లు గీసిరి? స్టేడియము పైపొరగా దాచబడి త్రిభుజములతో గీయబడును. కొమాంచీ ఎత్తులుగా దాచబడి నిలువు వరుసలతో గీయబడును. మైన్‌క్రాఫ్ట్ గడులుగా దాచబడి త్రిభుజములతో గీయబడును. టియర్‌డౌన్ రెండింటను గడులదే. ఉపాధ్యాయులు నల్లబల్లపై రెండు గడుల పట్టిక గీసి, తమ విద్యార్థులు ఆడు ఆటలను అందు నింపమని చెప్పవచ్చును. సందేహము వచ్చినచో ఒక్కటి అడిగిన చాలును: “దీనిని కోసినచో లోపల ఏమున్నదో కంప్యూటరుకు ముందే తెలియునా?”

నా పోటీలో బహుమతులు ఆనాడే పంచివేసిరి. ఆ విద్యార్థి జవాబు చెప్పలేకపోలేదనియు, ప్రశ్నను నాకంటె బాగుగా అర్థము చేసికొనెననియు, అతనికి ఆ మార్కు కలుపవలసినదనియు పాఠశాలకు జాబు వ్రాసితిని. వచ్చు సంవత్సరము మరల పిలిచినచో, ఆ ప్రశ్నను అతడు అడిగిన రూపముననే అడుగుదును.