మట్టిని చదివే చేతులు

ఎర్రమంజిల్ మెట్రో స్టేషన్ దిగితే చుట్టూ కాంక్రీటే. సెల్లార్ కోసం తవ్విన చోట మాత్రం అసలు నేల బయటపడుతుంది: పైన ఎర్రమట్టి, కింద మొరం, ఆ కింద గ్రానైటు. ఆ రాయి యుగాల తరబడి చివికి, అందులోని ఇనుము తుప్పుపట్టగా వచ్చిందే ఈ ఎరుపు. గోతి గోడ మీద ఇంత చరిత్ర చదవగల మృత్తికా శాస్త్రవేత్తలంటే నాకెంతో గౌరవం.

ముఖ్యంగా వాళ్ల చేతి పరీక్ష. పిడికెడు మట్టి తడిపి, పిసికి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రిబ్బనులా సాగదీస్తారు. గరగరలాడి వెంటనే తెగితే ఇసుక ఎక్కువ. జిగటగా సాగితే బంకమట్టి. ఇసుకపాలు ఎక్కువుండే ఎర్ర చల్కో, బంకగా ఉండే నల్లరేగడో వేళ్లే చెప్పేస్తాయి. పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలో ఆ రెండు నేలలూ ఉన్నాయి.

శాంపిల్ తీయడానికీ అంతే ఓపిక కావాలి. పొలంలో అక్కడక్కడ ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, అంచు వెంట పలచగా గీకిన మట్టినంతా కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండూ తీసేస్తూ అరకిలోకు తెస్తారు. గట్టు పక్కన, పెంటకుప్ప దగ్గర తీయరు. ఇక్కడ పొరపాటు జరిగితే ల్యాబ్‌లో ఎంత మంచి యంత్రమున్నా లాభం లేదు.

బాల్కనీలో మందారం పాలిపోతే మనం ఆన్‌లైన్‌లో చూసి యూరియా చల్లేస్తాం. వాళ్లు ముందు పాలిపోయింది ఏ ఆకో చూస్తారు. ముదురాకులు పసుపెక్కితే నత్రజని చాలడం లేదు. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే ఇనుము అందడం లేదు. ఎర్రమట్టిలో ఇనుముకు కొదవా? కుండీలో సిమెంటు పెళ్లలు కలిసి క్షారగుణం పెరిగితే, ఉన్న ఇనుమే వేరుకు చిక్కదు. అప్పుడు వాళ్లు మందు కొనమనరు, మట్టి మార్చమంటారు.