దారం పట్టిన చెయ్యి

గాజువాక ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన ఫిట్టర్ ఫ్యాను బెల్టులు కడుతుంటే చూసి తీరాలి. ముందు స్విచ్చి కట్టేసి తాళం వేస్తాడు, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. పానా పట్టేది ఆ తర్వాతే. గునపంతో బెల్టును పుల్లీ మీదికి తన్నడు. బోల్టులు వదులు చేసి, మోటారును ముందుకు జరిపి, చేత్తోనే గాడుల్లోకి దించుతాడు.

పక్కనే ఉన్న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ ఫర్నేసులకు గాలి ఊదే భారీ బ్లోయర్లకు బెల్టులుండవు, అక్కడ కప్లింగులే. బెల్టుల రాజ్యమంతా షెడ్ల గాలి ఫ్యాన్లలో, దుమ్ము లాగే ఫ్యాన్లలో, చిన్న వర్క్‌షాపుల్లో. వి-బెల్టును 1917లో జాన్ గేట్స్ అనే అమెరికావాడు తెచ్చాడంటారు. మనకు పని ముఖ్యం.

పనంటే దారం. రెండు పుల్లీల అంచులూ ఒకే మందమైతే, వాటి ముఖాల మీదుగా దారం బిగించి లాగాలి. నాలుగు చోట్లా ఒరుసుకోవాలి. ఒకచోట సందు కనిపించిందా, మోటారు పక్కకి జరిగిందో, వంకరగా తిరిగిందో పాత ఫిట్టర్ చూడగానే చెప్పేస్తాడు. మోటారు కాలి కింద ఖాళీ ఉంటే షిమ్ వేస్తాడు. బోల్టులు బిగించాక దారం మళ్లీ పడుతుంది, ఎందుకంటే బిగింపుకే మోటారు కదులుతుంది. లేజర్ పరికరాలు మంచివే, కాదనను. నా ఓటు మాత్రం దారానికే.

తర్వాత టెన్షన్. పుల్లీల మధ్య బెల్టు పొడవు మీటరుంటే, నడిమధ్య నొక్కినప్పుడు 16 మిల్లీమీటర్లు దిగాలి. ఎంత బలంతో నొక్కాలో బెల్టు రకాన్ని బట్టి కంపెనీ పట్టికలో ఉంటుంది. వదులైతే బెల్టు జారి కీచుమంటుంది, ఫ్యాను వేగం తగ్గుతుంది, ఆ మేరకు గాలీ తగ్గుతుంది. మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. కొత్త బెల్టు ఒకటి రెండు రోజులు తిరిగాక సాగుతుంది కాబట్టి మళ్లీ బిగించాలి. ఈ రెండో రాక కోసం పిలిచే యజమానులు ఎందరున్నారు?

అసలు నా మంట ఇక్కడే. వి-బెల్టు పట్టు పక్కల మీద ఉంటుంది, అడుగున కాదు. గాడి అడుగు తళతళలాడుతోందంటే పుల్లీ అరిగిపోయినట్టే. దాన్ని మార్చకుండా నాలుగు బెల్టుల్లో తెగిన ఒక్కదాన్నే మారుస్తారు. పాతవి సాగి వదులయ్యాయి గనక కొత్తదే భారమంతా మోసి ముందు తెగుతుంది. పైగా సంత సరుకులా చవకగా వచ్చే డూప్లికేట్ బెల్టులు! పేరు అసలుదే, పొడవులో మాత్రం ఒకదానికొకటి పొంతనుండదు. అరుపు మాన్పడానికి జిగురు పూసేవాళ్లూ ఉన్నారు. ఆ జిగురుకి సముద్రపు ఉప్పుగాలి, బొగ్గు దుమ్ము తోడైతే గాడిలో ముద్ద కడుతుంది. అది పని కాదు, పాపం.

యజమానులారా, బెల్టులు సెట్టుగానే కొనండి. ఫిట్టర్‌ని తొందరపెట్టకండి. పక్కన ఐటీఐ కుర్రాణ్ణి ఒకణ్ణి నిలబెట్టి, దారం రెండో కొస వాడి చేతికివ్వమనండి.