ఎవరి రూపం? ఎవరి మంత్రం?

రూపం మార్చేయడం అనగానే మన కథల్లో ముందు గుర్తొచ్చేది ఆడవాళ్లే. గౌతముడి శాపానికి అహల్య రాయి అయింది. బిచ్చానికని వచ్చిన మాయల ఫకీరు బాలనాగమ్మని కుక్కని చేసి తీసుకుపోయాడు. ఫకీరుకి కావలసింది కుక్క కాదు. నోరు విప్పి ఎవరినీ పిలవలేని బాలనాగమ్మ కావాలి. మంత్రం పని అంతవరకే.

ఈ కథల్ని మనం ఎన్నోసార్లు చదివాం, తిరగరాశాం, వాటితో పోట్లాడాం. ఇప్పుడు నేను చదవబోయేది మాత్రం కథ కాదు, ఒక ఆట నియమాల పుస్తకం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తయారుచేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని డంజన్ మాస్టర్ అంటారు. మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుంటారు. కథ నోటితో సాగుతుంది, కొట్లాట వచ్చినప్పుడు ఫలితం పాచికలు తేలుస్తాయి. రెండేళ్లుగా శనివారాలు నేనూ ఆ బల్ల దగ్గర కూర్చుంటున్నాను, నాకంటే పాతికేళ్లు చిన్నవాళ్ల మధ్య. నవ్వేవాళ్లు నవ్వారు.

ఈ ఆట గురించి స్త్రీవాద విమర్శ రాయడం ఒక రకంగా చాలా తేలిక. 1976లో 'ది డ్రాగన్' పత్రిక మూడో సంచికలో స్త్రీ పాత్రలకి విడిగా నియమాలు రాశారు. అందులో వ్యక్తిత్వ ఆకర్షణకి బదులు 'అందం' అని ఒక అంకె పెట్టారు. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో స్త్రీ పాత్ర బలానికి మగ పాత్ర కంటే తక్కువ హద్దు గీశారు. 1989లో వచ్చిన రెండో కూర్పులో ఆ హద్దు తీసేశారు. ఇవన్నీ వేలెత్తి చూపగలిగినవే. నాకు ఆసక్తి వేరేచోట ఉంది. ఆడ, మగ అన్న మాటే కనపడని నియమాల్లో అధికారం ఎలా పంచి ఉందో చూడాలని.

పాలిమార్ఫ్ అనే మంత్రం తీసుకోండి. 2014 నాటి అయిదో కూర్పులో అది నాలుగో స్థాయి మంత్రం. ఎదుటి ప్రాణిని గంటసేపటి దాకా ఏదో ఒక జంతువుగా మార్చవచ్చు. ఆ ప్రాణికి ఇష్టం లేకపోతే పాచిక వేసి ప్రతిఘటించవచ్చు. ఇష్టమైతే పాచిక అక్కర్లేదు. నియమం సమ్మతి గురించి అడుగుతోంది! మొదటిసారి చదివినప్పుడు నిజంగా సంతోషం వేసింది. ఫకీరు కథలో ఆ ప్రశ్నే లేదు కదా.

తర్వాతి వాక్యాలు చదివితే ఆ సంతోషం నిలవదు. మారిన ప్రాణికి ఆ జంతువు బలమే కాదు, బుద్ధి కూడా వస్తుంది. అంటే తన బుద్ధి పోతుంది. మంత్రగత్తె పాత్ర తెలివి పద్దెనిమిది అనుకుందాం, మామూలు మనిషికి పది. మహావానరంగా మారిన క్షణంలో అది ఏడుకి పడిపోతుంది. మాట రాదు, మంత్రం రాదు. స్వభావం మాత్రం మిగులుతుందట. బుద్ధీ మాటా తీసేశాక మిగిలే స్వభావం ఏమిటో పుస్తకం చెప్పదు.

ఆట తెలిసినవాళ్లు వెంటనే చెప్పే సమాధానం నాకు తెలుసు. ఇదంతా తూకం కోసం. వానరం శరీరంలో మంత్రగత్తె బుద్ధి కూడా ఉంటే ఇక ఆమెని ఆపేదెవరు? సరే. కానీ అదే పుస్తకంలో డ్రూయిడ్ అనే పాత్ర ఉంది. అడవితో ముడిపడిన ఆ పాత్ర వైల్డ్ షేప్ అనే శక్తితో తనంతట తాను జంతువుగా మారుతుంది. మామూలుగా ఆ రూపంలో ఆమెకీ మంత్రాలు వేయడం కుదరదు, మాటా రాదు. తెలివి, వివేకం మాత్రం ఆమెవే. ఎప్పుడు తిరిగి మనిషి కావాలో ఆమే నిర్ణయించుకుంటుంది. తూకం రెండుచోట్లా సరిపోయింది. తేడా ఒక్కటే. ఒకచోట మారేదీ మార్చేదీ ఒకరే, ఇంకోచోట ఇద్దరు.

ఇది కొత్తగా వచ్చిన తేడా కూడా కాదు. 1978 పుస్తకంలో తనని తాను మార్చుకునే మంత్రం ఒకటి, ఇతరులని మార్చే మంత్రం ఇంకొకటి, విడివిడిగా ఉండేవి. తనని తాను మార్చుకుంటే బుద్ధి పదిలం. ఇంకొకరు మారిస్తే ఆ కుదుపుకి ప్రాణం నిలుస్తుందో లేదో ముందు పాచిక వేసి చూడాలి. బతికినా, రోజుకోసారి పాచిక వేస్తూ పోవాలి, తన మనసు ఆ జంతువు మనసులో కలిసిపోయిందా అని. అప్పుడు మెల్లగా పోయే బుద్ధి 2014కి వచ్చేసరికి ఒక్క దెబ్బకి పోతోంది.

పాత కథల్లో దుఃఖం ఎక్కడుందంటే, మనసు మిగలడంలో ఉంది. ఓవిడ్ చెప్పిన అయో ఆవైపోయాక కూడా తానెవరో మర్చిపోదు. కాలి గిట్టతో మట్టిలో రాసి తండ్రికి తెలియజేస్తుంది. ఆటలో బుద్ధి కూడా పోతుంది కాబట్టి రాసేవాళ్లూ లేరు, చదివేవాళ్లూ లేరు.

పోరులో ఈ మంత్రాన్ని శత్రువు మీద కంటే సొంత మనిషి మీదే ఎక్కువ వాడతారని బల్ల దగ్గర కూర్చున్నాకే తెలిసింది. లెక్క ఇలా ఉంటుంది. మన యోధురాలికి ఆరు హిట్ పాయింట్లు మిగిలాయి, ఇంకో దెబ్బకి పడిపోతుంది. ఆమెని మహావానరంగా మారిస్తే నూట యాభై ఏడు పాయింట్లు వస్తాయి. ఆ రూపం నశించినా తన ఆరూ తనకుంటాయి, మిగులు దెబ్బ మాత్రమే తగులుతుంది. 2024లో సవరించిన పుస్తకం ఈ పాయింట్లని తాత్కాలికమైనవని తేల్చేసింది. అంటే జంతు దేహం ఒక కవచం. రక్షణ అంటే కాదనేదెవరు?

ఒకామె కాదంది. మా జట్టులో యోధురాలి పాత్ర ఒక పరిశోధక విద్యార్థినిది. ఏడో స్థాయికి చేరి నెల కూడా కాలేదు. ఆ రాత్రి సరిగ్గా పైన చెప్పిన పరిస్థితే. మంత్రగాడి పాత్ర వేస్తున్న కుర్రాడు పాలిమార్ఫ్ వేస్తున్నానని ప్రకటించి, వానరం ఎవరిని కొట్టాలో పక్కవాడితో మాట్లాడుకుంటున్నాడు. "నాకు ఇష్టం లేదు, పాచిక వేస్తాను" అంది. బల్ల నిశ్శబ్దమైపోయింది. ఇరవై ముఖాల పాచిక ఆమె వైపే పడింది. మంత్రం వృథా అయింది. తర్వాతి వంతులోనే యోధురాలు కూలిపోయింది.

ఆమె మీద వచ్చిన కోపం చూడాలి! ఆటని పాడు చేశావన్నారు. నీ మంచికే కదా అన్నారు. చదువు, పెళ్లి, ఆపరేషన్, ఎన్నింటి దగ్గర విన్నాం ఈ మాట. నియమం ఆమెకి ఇచ్చిన హక్కునే ఆమె వాడుకుంది. ఆ నియమం శత్రువుల కోసం రాసిందని అందరూ అనుకున్నారు. మనవాళ్ల మధ్య సమ్మతి అడగక్కర్లేదని, అది ఎప్పుడూ ఉన్నట్టేనని.

ఆమె అభ్యంతరం చావు గురించి కాదు. "చస్తే నా పాత్ర చచ్చిపోతుంది, అది నా కథే. వానరమైతే ఆ గంటసేపు నేను ఏం ఆడాలి? మీరు చూపించినవాణ్ని కొట్టడమేనా?" అని అడిగింది. పాత్ర ఎదుగుదల గురించి ఇంత సూటిగా అడిగిన ప్రశ్న సెమినార్లలో నేను పెద్దగా వినలేదు.

యోధురాలిని తర్వాత ఇంకో మంత్రంతో బతికించారు, ఈ ఆటలో అదీ సాధ్యమే. మరో మూడు వారాలకి మళ్లీ అదే అవసరం వచ్చింది. ఈసారి ఆమె రెండు షరతులు పెట్టింది. ఏ జంతువు కావాలో తానే ఎంచుకోవాలి, ఎప్పుడు తిరిగి రావాలో తానే చెప్పాలి. పుస్తకం ప్రకారం రెండూ మంత్రం వేసినవాడి చేతిలోనివే. రూపం అతనే ఎంచుతాడు, అతని ఏకాగ్రత నిలిచినంతసేపే మంత్రం నిలుస్తుంది. డంజన్ మాస్టర్ కాసేపు ఆలోచించి మొదటి షరతు ఒప్పుకున్నాడు. రెండోది కుదరదన్నాడు. ఆమె ఎలుగుబంటిని ఎంచుకుంది.