మన నేల ఎవరికి బరువు?

గనుల నివేదికల్లో 'ఓవర్‌బర్డెన్' అనే మాట మాటిమాటికీ కనిపిస్తుంది. ఓపెన్‌కాస్టుల చుట్టూ ఉన్న ఊళ్లలో దాన్నే 'ఓబీ' అంటాం. బొగ్గు మీద ఉన్న మట్టి, రాళ్లు అని అర్థం. మాటను విప్పి చూస్తే 'పైనున్న భారం'. ఆ భారంలో ఏమున్నాయి? మన జొన్నచేలు, ఇప్పచెట్లు, పెద్దల పేర నిలిపిన రాళ్లు. బొగ్గు కావలసినవాళ్లకు ఇవన్నీ తీసి కుప్ప పోయాల్సిన బరువు.

రెండో మాట 'పునరుద్ధరణ'. ప్రతి బొగ్గు గనికీ మూసివేత ప్రణాళిక ఉండాలని కేంద్రం 2009లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపెన్‌కాస్టయితే హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన విడి ఖాతాలో జమ చేయాలంది. తవ్వకం అయిపోయిన నేలలో మళ్లీ గడ్డి మొలిపించాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవి మంచివే, కాదనం. మా విమర్శ కొలత మీద. ఎన్ని మొక్కలు నాటారు, ఎన్ని హెక్టార్లు పచ్చబడ్డాయి అన్నదే లెక్క. పైమట్టిని విడిగా తీసి దాచారా, లేక రాళ్ల కింద కలిపేశారా? వాగు మళ్లీ పారుతోందా? ఆ చెట్ల కింద మన ఆడవాళ్లు ఏరుకోవడానికి ఇప్పపువ్వు, తునికిపండు, మొర్రిపండు ఉన్నాయా? ఇవి లెక్కలోకి రావు. ఓబీ గుట్ట మీద ఒకే రకం చెట్లు వరుసగా నిలబడితే దూరానికి పచ్చగా కనిపిస్తుంది. అది తోట అవుతుంది గాని అడవి కాదు.

మూడోది, ఆ నేల ఎవరికి? బొగ్గు భూముల సేకరణకు 1957లో చేసిన చట్టం ప్రకారం భూమి మీది హక్కులన్నీ కేంద్రానికి పోతాయి. బొగ్గు అయిపోయాక పాత రైతుకు తిరిగి ఇవ్వాలని అందులో లేదు. అలా తవ్వేసిన భూములను వేరే పనులకు లీజుకు ఇవ్వొచ్చని 2022లో కేంద్రం ఒక విధానం తెచ్చింది. యాజమాన్యం మాత్రం ప్రభుత్వ కంపెనీదే. నేల బాగుపడినా అది మనకు తిరిగి రాదన్నమాట.

తప్పు మన వైపూ ఉంది. ఇల్లెందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం మొదలైందని, బొగ్గు నల్లబంగారమని బడిలో పిల్లలతో రాయిస్తాం. ఆ బొగ్గు మీద ఎవరి చేను ఉండేదని అడగం. సింగరేణి మొదట ఒక ఊరి పేరని కూడా చెప్పం.

తవ్వకముందు ఏముందో రాసి ఉండకపోతే, తర్వాత ఏం తిరిగి రావాలో ఎవరు చెప్పగలరు? ఆ చట్టం కింద నోటిఫికేషన్ వచ్చాక అభ్యంతరం చెప్పడానికి 30 రోజులే గడువు. అప్పుడు కాగితం, కలం వెతుక్కుంటే ఆలస్యమే. అందుకే తోటి ఉపాధ్యాయులను, చదువుకున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను అడుగుతున్నాం. ఈ ఎండాకాలం సెలవుల్లో ఊరి పెద్దలను వెంటబెట్టుకుని పొలిమేర తిరగండి. ప్రతి చెట్టు, వాగు, చెలమ, దేవర గద్దె, ఎవరి చేను ఎక్కడిదాకా, అన్నీ నోటుబుక్కులో ఎక్కించండి. గ్రామసభలో చదివి తీర్మానం రాయించండి. రేపు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టిననాడు ఆ పుస్తకాన్నే బల్ల మీద పెడదాం. వాళ్లు బరువు అన్నదానికి మన పేర్లు మనమే రాసి ఉంచుకోవాలి.