తొలి కదలిక: కదలటం వేరు, తెలియటం వేరు

శాస్త్ర విషయాలను తెలుగులో చెప్పేటప్పుడు మాటలో జరిగిన చిన్న పొరపాటు ఆలోచనలోకి ఎట్లా ప్రాకుతుందో చూపటానికి గర్భస్థ శిశువు తొలి కదలిక చక్కని ఉదాహరణ.

విశాఖపట్నం ఉక్కు కర్మాగారం వాకిట ఉన్న కూర్మన్నపాలెం ఒకప్పుడు పల్లె. 1971లో కర్మాగారానికి శంకుస్థాపన జరిగిన తరువాత దాని రూపు మారింది. నేడది జాతీయ రహదారి మీద లారీల రొదతోను, షిఫ్టులు మారే వేళల సందడితోను నిండి ఉండే కూడలి. వేరు వేరు జిల్లాల నుండి పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ పక్కపక్క వాటాలలో కాపురముంటున్నవి. అటువంటి ఇంట ఒక తొలిచూలాలు "ఇంకా బిడ్డ కదలలేదేమి?" అని అడిగిందనుకుందాం. "ఐదో నెల పడనీయవే, అదే తిరుగుతుంది" అంటుంది అత్తగారు. "నాకు రెండోవాడప్పుడు నాలుగో నెలలోనే తెలిసిందమ్మా" అంటుంది పక్కవాటా ఆవిడ. చేతిలోని పుస్తకం 18 నుండి 20 వారాలని చెపుతుంది. స్కానింగు చేసిన డాక్టరుగారు బిడ్డ చక్కగా కదులుతున్నదని నెల క్రితమే చెప్పి ఉన్నారు. ఈ నాలుగు మాటలూ నిజమే కావచ్చును. అయినా ఆ అమ్మాయి భయం తీరలేదు.

ఎందుకు తీరలేదు? ఇందులో రెండు సంఘటనలు కలిసిపోయి ఉన్నవి గనుక. శిశువు కదలటం ఒకటి. ఆ కదలిక తల్లికి తెలియటం మరొకటి. ఈ రెంటి నడుమ రెండు నెలలకు పైబడిన ఎడమున్నది. మన వాడుకలోను, పాత గ్రంథాలలోను, చట్టంలోను కూడ ఈ రెంటినీ ఒకటిగానే భావించటం కనిపిస్తుంది. ఆ పొరపాటును విమర్శించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

శిశువు ఎప్పుడు కదులుతుంది?

గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్, ఆయన సహచరులు గర్భాన్ని శబ్దాతీత తరంగాలతో చూసే పద్ధతిని 1958లో ప్రకటించారు. తరువాత ఆ యంత్రాలు మెరుగుపడి, కదిలే బొమ్మను కదులుతుండగానే చూపసాగినవి. నెదర్లాండ్సులో డె ఫ్రీస్, విస్సర్, ప్రెక్ట్ల్ అనే పరిశోధకులు ఈ సాధనంతో శిశువు కదలికలను వారం వారం గమనించి 1982లో ఫలితాలు ప్రకటించారు. కడపటి బహిష్టు మొదటి రోజు నుండి లెక్కిస్తే ఏడున్నర, ఎనిమిదిన్నర వారాల మధ్యనే తొలి కదలిక వారికి కనిపించింది. అప్పటికి శిశువు పొడవు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. తరువాతి కొద్ది వారాలలో ఎక్కిళ్ళు, ఒళ్ళు విరవటం, చేతిని ముఖానికి ఆనించటం, ఆవులింత ఒక్కొక్కటే కనిపించినవి. 15వ వారం నాటికి, పుట్టిన బిడ్డ చేసే కదలికలలో చాలా భాగం గర్భంలోనే మొదలైనట్లు తేలింది.

మరి తల్లికి ఎందుకు తెలియదు? ఉమ్మనీటిలో తేలుతున్న అంత చిన్న ప్రాణి చేసే ఒత్తిడి అత్యల్పం. శిశువు పెరిగి, గర్భాశయం కటివలయాన్ని దాటి పైకి వచ్చి, కాలుసేతుల తాకిడికి బలం చేకూరితే గాని ఆమెకు స్పర్శ అందదు. తొలిచూలులో ఇది సాధారణంగా 18-20 వారాల మధ్య జరుగుతుంది. మలిచూలులో 16 వారాల ప్రాంతాననే తెలియవచ్చును. పక్కవాటా ఆవిడ బిడ్డ ముందుగా కదలలేదు. ఆవిడ ముందుగా గుర్తుపట్టింది. మొదటిసారి అయితే ఆ మెదలికను పేగుల కదలికగానో, కడుపులోని గాలిగానో పొరబడటం సహజం. మాయ గర్భాశయం ముందు గోడకు అంటుకొని ఉన్నప్పుడు, అది మెత్తవలె అడ్డుపడటం వల్ల కదలిక ఆలస్యంగా తెలుస్తుంది. రోజంతా నిలబడి పనిచేసే స్త్రీకి, బస్సు కుదుపులలో ప్రయాణించే స్త్రీకి పగలు తెలియనిది, రాత్రి పక్కకు తిరిగి పడుకున్నప్పుడు తెలియవచ్చును. 24 వారాలు నిండినా ఏమీ తెలియకపోతే తప్పక డాక్టరుకు చెప్పవలెను.

మాటలోని చిక్కు

ఇంగ్లీషులో ఈ తొలి అనుభవానికి క్వికెనింగ్ అని పేరు. పాత ఇంగ్లీషు వాడుకలో క్విక్ అంటే వేగం కాదు, ప్రాణమున్నది అని అర్థం. తల్లికి తెలిసిన నాడే శిశువుకు ప్రాణం వచ్చిందన్న నమ్మకం ఆ పేరులోనే గడ్డకట్టి ఉన్నది. దీనిని ప్రాణసంచారమనో, జీవప్రవేశమనో తెనిగిస్తే ఆ పొరపాటును కూడ దిగుమతి చేసుకున్నవారమవుతాము.

తెలుగువారు "బిడ్డ కదిలింది", "బిడ్డ తిరుగుతున్నది" అంటారు. ప్రాణం ప్రసక్తి లేదు గనుక ఇది ఇంగ్లీషు మాట కంటె మేలు. కాని దీనిలోను ఒక లోపం లేకపోలేదు. వాక్యంలో కర్త బిడ్డ, తల్లి మాయమైపోయింది. "నాకింకా తెలియలేదు" అనవలసిన చోట ఆమె "బిడ్డ కదలలేదు" అంటుంది. మొదటిది ఉన్న సంగతి. రెండవది గుండె గుభేలుమనిపించే అబద్ధం. "తొలి కదలిక తెలియటం" అని రెండు మాటలు కలిపి వాడితే ఈ చిక్కు చాలవరకు విడిపోతుంది.

పాత గ్రంథాల సాక్ష్యం

చరకసంహిత శారీరస్థానంలో మూడవ నెలలో ఇంద్రియాలు వ్యక్తమవుతాయని, అప్పటి నుండి గర్భం స్పందిస్తుందని చెప్పబడింది. చేతన వ్యక్తమయ్యేది నాల్గవ నెలలో అని సుశ్రుతుడు చెప్పి, ఆ దశలో తల్లిని రెండు హృదయాలు గలదిగా వర్ణించాడు. ఇది చూపి, స్కానింగు చూపే సంగతి మనవారికి ముందే తెలుసునని కొందరంటారు. ఆ మాట నిలవదు. ఇద్దరు ఆచార్యులకే నెలలో పొత్తు కుదరలేదు. పైగా వారు చెప్పదలచినది ఇంద్రియాలు, మనసు, కోరికలు వెలువడే క్రమం. కదలికను కొలవటం కాదు. వారి ఊహ గొప్పదే. ఊహను కొలతగా చూపటం మాత్రం వారికి గౌరవం కాదు.

మగశిశువు 40వ రోజు ప్రాంతాన కుడివైపున, ఆడశిశువు 90వ రోజు ప్రాంతాన ఎడమవైపున కదులుతుందని గ్రీకు దేశంలో అరిస్టాటిల్ వ్రాశాడు. ఐతే దీనికి మినహాయింపులు చాలా ఉన్నవని, కచ్చితమైన నియమంగా తీసుకోరాదని ఆయనే హెచ్చరించాడు. ఆయన చూపిన జాగ్రత్త మన ఇళ్ళలో లేదు. కుడివైపు కదిలితే మగబిడ్డ అన్న మాట ఇప్పటికీ వినవస్తుంది. శిశువు ఏ వైపుకు తిరిగి ఉన్నది, కాళ్ళు ఎటున్నవి, మాయ ఎక్కడున్నది అన్నవాటిని బట్టే తాకిడి తెలిసే చోటు మారుతుంది. ఆడ, మగ భేదంతో దానికి సంబంధం లేదు. లింగనిర్ధారణను 1994 చట్టం నిషేధించిన దేశంలో ఇటువంటి మాటను వేడుకగా సాగనీయటం కూడ మంచిది కాదు.

చట్టంలోని కొలత

ఇంగ్లండులో 1803 నాటి చట్టం గర్భస్రావ నేరానికి శిక్షను, తల్లికి కదలిక తెలిసిన తరువాత ఒకటి, తెలియక మునుపు మరొకటిగా విధించింది. 1837లో ఆ భేదాన్ని అక్కడ తొలగించారు. కాని 1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షనులో అదే భేదం చోటుచేసుకున్నది: మామూలుగా మూడేళ్ళ వరకు, కదలిక తెలిసిన గర్భమైతే ఏడేళ్ళ వరకు ఖైదు. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షనులోను ఈ మాట అట్లాగే నిలిచి ఉన్నది. 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం, దానికి 2021లో వచ్చిన సవరణ మాత్రం 20 వారాలు, 24 వారాలు అని కాలాన్నే కొలతగా తీసుకున్నవి. ఒకే గర్భాన్ని ఒక చట్టం వారాలతోను, మరొకటి తల్లి స్పర్శతోను కొలుస్తున్నది. మాయ ముందుగోడకు ఉన్న స్త్రీకి ఒక తేదీ, వెనుకగోడకు ఉన్న స్త్రీకి మరొక తేదీ వచ్చే కొలత మీద శిక్షను రెట్టింపు చేయటం శాస్త్రానికి సరిపడదు.

నెల పడటం, నెల నిండటం

మన పుస్తకాలలో "ఐదో నెలలో కదలిక తెలుస్తుంది" అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. ఐదో నెల పడటం అంటే నాలుగు నెలలు పూర్తి కావటం, అనగా సుమారు పదిహేడున్నర వారాలు. ఐదు నెలలు నిండటం అంటే దాదాపు 22 వారాలు. ఒక్క వాక్యంలో నాలుగు వారాలకు పైగా తేడా ఇమిడి ఉన్నది. దానికితోడు కొందరు 28 రోజుల నెల లెక్కిస్తారు, కొందరు ఇంగ్లీషు నెల. ఆరోగ్య పుస్తకాలు వ్రాసేవారు వారాలలో చెప్పి, పక్కనే "పడిన" నెలో, "నిండిన" నెలో స్పష్టం చేయవలెను. తొలి కదలిక తెలిసిన రోజును బట్టి కాన్పు తేదీ కట్టటం ఒకప్పుడు వాడుకలో ఉండేది. పైన చెప్పిన కారణాల వల్ల ఆ లెక్క వారాల కొలది తప్పవచ్చును.

లెక్కపెట్టటం ఎంతవరకు?

ఏడో నెల దాటిన తరువాత ప్రశ్న తిరగబడుతుంది. కదలిక ఎప్పుడు తెలుస్తుందన్నది కాదు, తెలుస్తున్నది ఎప్పుడు తగ్గిందన్నది ముఖ్యం. బ్రిటనులో పియర్సన్, వీవర్ 1976లో 12 గంటలలో 10 కదలికల లెక్కను ప్రతిపాదించారు. ఈ పద్ధతి చాలా దేశాలకు ప్రాకింది. కాని 1989లో సుమారు 68,000 మంది స్త్రీలతో జరిగిన పరీక్షలో, పట్టిక పెట్టి లెక్కించటం వల్ల మృతశిశు జననాలు తగ్గినట్లు తేలలేదు. కదలికలపై అవగాహన పెంచి, తగ్గినప్పుడు ఒక క్రమం ప్రకారం పరీక్షించే ఏర్పాటును బ్రిటన్, ఐర్లండులలో 4 లక్షలకు పైబడిన గర్భాలపై పరిశీలించి 2018లో ఫలితం ప్రకటించారు. మృతజననాలు వెయ్యికి 4.40 నుండి 4.06కు వచ్చినా, అది యాదృచ్ఛికం కాదని నిర్ధారించటానికి ఆ తేడా చాలలేదు. మందులతో నొప్పులు తెప్పించటం, శస్త్రచికిత్సలు మాత్రం పెరిగినవి.

దీనిని బట్టి కదలిక తగ్గటాన్ని పట్టించుకోనక్కరలేదని అర్థం చేసుకోరాదు. అందరికీ సరిపడే ఒక అంకె లేదన్నదే దీని సారం. ప్రతి బిడ్డకు తనదైన నడవడి ఉంటుంది. 20 నుండి 40 నిమిషాలు నిద్రిస్తుంది. ఆ నిద్ర గంటన్నరకు మించటం అరుదు. ఆ నడవడి ఆ తల్లికే తెలుస్తుంది. తొలి దశలో ఆలస్యంగా వచ్చిన ఆమె తెలివిడి, ఈ దశలో అందరి కంటె ముందు ఉంటుంది.

ఇక్కడనే మన వాడుకలోని అతి ప్రమాదకరమైన మాట ఒకటున్నది: "నెలలు నిండాయి, బిడ్డకు చోటు చాలదు, కదలికలు తగ్గుతాయిలే." తప్పు. కదలికల తీరు మారవచ్చును. తన్నటానికి బదులు ఒరగటం, నెట్టటం ఎక్కువ కావచ్చును. కాని అవి తగ్గరాదు. భర్త సి షిఫ్టులో ఉన్నాడని, తెల్లవారిన తరువాత చూద్దామని, చల్లని నీళ్ళో, తీపి పదార్థమో ఇచ్చి గంటలు గడపటం తగదు. ఇంట్లో గుండెచప్పుడు వినే పరికరం పెట్టి, వినిపించింది గదా అని ఊరుకోవటం కూడ తగదు. రాత్రి అయినా ఆసుపత్రికి పోవలెను. తల్లీబిడ్డల రక్షణ కార్డులో బిడ్డ కదలికలు మామూలుగా ఉన్నవా, తగ్గినవా, లేవా అని వ్రాసే గడి ఉన్నది. ఆ గడిని నింపే ముందు తల్లిని అడిగి, ఆమె చెప్పింది విని వ్రాయవలెను.

స్టెతస్కోపు వచ్చిన తొలి రోజులలో, 1821లో, ఫ్రెంచి వైద్యుడు కెర్గరడెక్ ఉమ్మనీటిలో శిశువు కదిలే చప్పుడు వినిపిస్తుందేమోనని ఒక గర్భిణి పొట్టకు చెవి ఆనించాడు. వినిపించింది అది కాదు, శిశువు గుండె. వెదికినది ఒకటి, దొరికినది మరొకటి అని ఆయన నిజాయితీగా వేరుచేసి చెప్పాడు గనుకనే ఆ పరీక్ష నేటికీ నిలిచి ఉన్నది. మనము కూడ ఆ తొలిచూలాలికి "బిడ్డ కదులుతూనే ఉన్నదమ్మా, నీకు తెలియటానికి ఇంకా రెండు మూడు వారాలు పట్టవచ్చును" అని చెప్పగలిగితే, ఆమె ఆ రాత్రి నిద్రపోతుంది. నెలలు నిండిన నాడు "ఈవేళ తేడాగా ఉన్నది" అని ఆమె అంటే, ఇంటివారు వెంటనే లేచి బయలుదేరుతారు.