ఆప్షన్లు పెట్టే ముందు

ఇంజినీరింగ్ వెబ్ ఆప్షన్ల రోజులొస్తే చుట్టాల్లోనో, మా వీధిలోనో ఎవరో ఒకరి పిల్లల ర్యాంకు కార్డు నా ఫోన్‌కి వస్తుంది. ఆ పని నాకు ఇష్టం. పద్దెనిమిదేళ్లు కూడా నిండని పిల్ల రాబోయే నాలుగేళ్లను ఓ వారంలో తేల్చుకోవాలి. పక్కన కూర్చుని కాగితాలు తిరగేసే పెద్దవాళ్లు ఒకరైనా ఉండాలి కదా. ఈ ఏడాది మా అక్క కూతురి వంతు.

పిల్లలందరూ మొదట చూపించేది నిరుటి లాస్ట్ ర్యాంకుల పట్టిక. కాలేజీ, బ్రాంచి, కేటగిరీ వారీగా, అమ్మాయిలకూ అబ్బాయిలకూ విడివిడిగా, చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కిందో అందులో ఉంటుంది. "పిన్నీ, ఇక్కడ ఎనిమిది వేలకే ఆగింది, అక్కడ పద్నాలుగు వేల దాకా వెళ్లింది. అంటే ఇదే మంచి కాలేజీ కదా" అంది మా పిల్ల. నిరుడు ఎంతమంది ఆ సీటు కోరుకున్నారో, అక్కడ ఎన్ని సీట్లున్నాయో ఆ పట్టిక చెబుతుంది. క్లాసులో పాఠం ఎలా చెబుతారో దానికి తెలియదు. ఏఐసీటీఈ 2024లో బ్రాంచికిన్ని సీట్లేనన్న గరిష్ఠ పరిమితిని సడలించాక కంప్యూటర్ సైన్స్‌కు సెక్షన్ మీద సెక్షన్ తెరిచిన కాలేజీలున్నాయి. సీట్లు పెరిగితే చివరి ర్యాంకు కిందికి జారుతుంది. అంతమాత్రాన ఆ ఏడాదే చదువు చెడిపోయినట్టు కాదు. మనకు సీటు వస్తుందా రాదా అన్న అంచనాకే లాస్ట్ ర్యాంకు. మంచీచెడూ తేల్చేందుకు వేరే కాగితాలున్నాయి.

కాలేజీ తాను చెప్పాలనుకున్నది హోర్డింగు మీద రాస్తుంది. చెప్పక తప్పనిది వెబ్‌సైట్‌లో ఏదో మూల పెడుతుంది. నేను వెతికేది ఆ మూలనే.

అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎన్ఐఆర్ఎఫ్ డేటా. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఇస్తున్న ఈ ర్యాంకుల పేరు అందరూ విన్నదే. ర్యాంకును పక్కన పెట్టండి. దానికోసం కాలేజీ సమర్పించిన పత్రం చదవండి. ఫలానా ఏడాది ఎంతమంది చేరారు, వాళ్లలో నాలుగేళ్లకే పట్టా చేతికొచ్చింది ఎందరికి, ఉద్యోగాలు ఎందరికి, పైచదువులకు ఎందరు వెళ్లారు, మీడియన్ జీతమెంత, అన్నీ అందులో ఉంటాయి. హోర్డింగు మీద మెరిసే పెద్ద ప్యాకేజీ ఒక్క పిల్లది. ఉద్యోగాలొచ్చిన వాళ్లందరినీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లది మీడియన్. మన పిల్ల ఆ మధ్య స్థానం చుట్టుపక్కలే ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి నేను దాన్నే నోట్‌బుక్‌లో రాస్తాను.

ప్లేస్‌మెంట్ శాతాన్నీ నేనే మళ్లీ లెక్కగడతాను. మాటవరసకి ఆరువందల మంది చేరి, 420 మంది సమయానికి పాసై, 252 మందికి ఉద్యోగాలొచ్చాయనుకుందాం. పాసైనవాళ్ల మీద కడితే 60 శాతం. చేరినవాళ్ల మీద కడితే 42. మా పిల్ల ఇప్పుడు చేరబోతోంది కాబట్టి నాకు కావలసింది రెండో లెక్క. ఆ పత్రంలో బీటెక్ బ్రాంచీలన్నీ కలిపే ఉంటాయి. అందుకే బ్రాంచివారీ వివరం కాలేజీకి ఫోన్ చేసి అడగాల్సిందే. తడబడకుండా చెప్పే కాలేజీ మీద నాకు గౌరవం కలుగుతుంది.

గుర్తింపుల సంగతీ అంతే. న్యాక్ చూసేది కాలేజీ మొత్తాన్ని. ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా, గడువుతో వస్తుంది. సివిల్‌కు వచ్చిన గుర్తింపు నిన్నగాక మొన్న తెరిచిన డేటా సైన్స్‌కు వర్తించదు. బ్రోచర్‌లో ఆ మూడక్షరాలు కనబడగానే ఏ బ్రాంచికి, ఏ ఏడాది వరకు అని ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

ఇక చదువు చెప్పేవాళ్లు. ఏఐసీటీఈ అడిగే మాండేటరీ డిస్‌క్లోజర్‌లో అధ్యాపకుల జాబితా ఉంటుంది. బీటెక్‌కు ఇరవై మంది పిల్లలకు ఒకరన్నది నియమం. ఆ జాబితాలో చేరిన తేదీ ఇచ్చి ఉంటే నేను దాని దగ్గర చాలాసేపు ఆగుతాను. పదేళ్లుగా ఉన్నవాళ్లు నలుగురైదుగురు కనిపించే బ్రాంచిలో పిల్లకు సందేహమొస్తే వెళ్లి తట్టడానికి ఒక తలుపుంటుంది. సగానికిపైగా నిరుడే చేరినవాళ్లయితే, అంతకుముందున్న వాళ్లు ఎందుకు వెళ్లిపోయారని అడగాలి.

అడగాల్సింది మూడో ఏడాది పిల్లల్ని. ఫస్టియర్ వాళ్లకింకా తెలియదు, ఫైనలియర్ వాళ్ల మనసు ఉద్యోగాల మీద ఉంటుంది. ఇబ్రహీంపట్నం వైపైనా, ఘట్‌కేసర్, మేడ్చల్ వైపైనా పనిరోజు మధ్యాహ్నం వెళ్తే కాలేజీ గేటు బయట టీకొట్టు దగ్గర దొరుకుతారు. ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్ ముందు ఎంతమంది కూర్చుంటారు, మీరే చేస్తారా చూసి రాసుకుంటారా, మినీ ప్రాజెక్టు సొంతంగా చేశారా, కొనుక్కొచ్చారా? దాచుకోకుండా చెబుతారు. వెళ్లేది కాలేజీ బస్సు దారిలోనే వెళ్లండి. రోజుకు నాలుగు గంటలు బస్సులో గడిచే పిల్లకు లైబ్రరీ ఎంత పెద్దదైనా లేనట్టే.

డబ్బు గురించి క్లుప్తంగా: రీయింబర్స్‌మెంట్ మనకెంత వస్తుందో, కాలేజీ ఫీజులో మిగిలింది ఎంతో, బస్సు, హాస్టల్ కలిపి నాలుగేళ్లకు రాసుకుని ఇంట్లో అందరూ చూడాలి. పిల్ల కూడా.

చివరికి వరస. దీని దగ్గర తల్లిదండ్రులు భయపడతారు. "రాని కాలేజీని పైన పెడితే ఆప్షన్ వృథా కదా" అని మా బావగారూ అడిగారు. వృథా కాదు. పిల్ల ర్యాంకు వంతు రాగానే ఆమె జాబితాను పైనుంచి కిందికి చూస్తూ, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తారు. పైన పెట్టినది అందకపోతే కిందివాటికి నష్టం లేదు. కానీ ఇష్టమైనదాన్ని కింద పెట్టి, పైన పెట్టిన ఇష్టంలేనిది దక్కితే ఆ రౌండుకు అదే ఖాయం. కాబట్టి వరస మన ఇష్టాన్ని బట్టి ఉండాలి, జాబితా మన ర్యాంకు కంటే బాగా కిందిదాకా వెళ్లాలి. ఎట్టిపరిస్థితుల్లోనూ చేరనని పిల్ల అన్న కాలేజీని మాత్రం, నలుగురూ బాగుందన్నా, రాయకూడదు.

మా పిల్ల ఇప్పుడు మూడు కాలేజీల్లో ఈసీఈనీ, మరో మూడింట్లో కంప్యూటర్స్‌నీ పక్కపక్కన రాసుకుని చూస్తోంది. ఒకే సొసైటీ నడిపే రెండు మూడు కాలేజీల పేర్లు ఒక్క మాట తేడాతో ఉంటాయి గనుక, ఫ్రీజ్ చేసే ముందు పేర్లు కాదు, కాలేజీ కోడ్‌లు ఒక్కొక్కటీ బిగ్గరగా చదవమన్నాను. వాళ్ల నాన్న నోట్‌బుక్ పట్టుకుని సరిచూస్తారు.